అర గీత పక్కకి

లిస్బన్‌లో ఓడలెక్కే వాళ్లు ముందు మేరీమాతని నమ్ముకునేవారు, ఆ తరవాత అంబ్రోసియో చేతిని. అల్ఫామా మెట్ల వీధిలో ఆయన దిక్సూచుల కొట్టు చెప్పుకోదగ్గదేం కాదు. ఒక పొడుగాటి బల్ల, ఒక కుంపటి, గూట్లో బట్ట చుట్టి పెట్టిన సూదంటురాయి, ఎప్పుడూ పోని చేపజిగురు కంపు. ఆ కంపుకి భయపడి ఆ ఇంటి పిల్లని చేసుకోడానికి ఎవడూ గడప తొక్కడం లేదని పక్కింటి ఇరియా అనేది. తెల్లారింది మొదలు చేపల బుట్ట నెత్తిన పెట్టుకు తిరిగే ఇరియా కంపు గురించి మాట్లాడటం ఆ వీధికే చెల్లింది.

ఆ పిల్ల పేరు జెనెబ్రా. తల్లి ప్లేగులో పోయింది. తొమ్మిదో ఏట తండ్రి బల్ల పక్కన కూర్చున్నది మరి లేవలేదు. గుండ్రంగా కోసిన అట్ట మీద ముప్పై రెండు గీతలు గియ్యడం, ఉత్తరం గీత కొసన లిల్లీ పువ్వుకి రంగు వెయ్యడం ముందు నేర్చుకుంది. సూదంటురాయితో రుద్దిన ఇనప తీగని ఆ అట్ట కింద జిగురు పెట్టి అంటించడం తరవాత నేర్చుకుంది. అంటించడంలోనే ఉంది పనంతా. అది తండ్రి ఆమెకి పదిహేనేళ్లు దాటేదాకా చెప్పలేదు.

లిస్బన్‌లో ఇనుము సరిగ్గా ధ్రువం వైపు చూడదు. కాస్త తూర్పుకి జరిగి నిలబడుతుంది. ఆ జరగడం గీతకీ గీతకీ మధ్య ఎడంలో సగం ఉంటుంది. అందుకని పాత పనివాళ్లు ఇనుముని లిల్లీ కింద సూటిగా అంటించేవారు కాదు, అర గీత పక్కకి జరిపి అంటించేవారు. కింద ఇనుము తన ఇష్టం వచ్చినట్టు తూర్పుకి తిరిగినా, పైనున్న లిల్లీ మాత్రం ధ్రువం వైపే ఉండేది. అంబ్రోసియో తండ్రి అలాగే చేశాడు, అంబ్రోసియో అలాగే చేశాడు. ప్రపంచమంతా ఇనుము అంతే జరుగుతుందా అని ఎవరూ అడగలేదు. బల్ల ముందు కూర్చున్న వాడికి ఆ సందేహం ఎందుకొస్తుంది?

సందేహం లోపోకి వచ్చింది. సెతూబల్ బెస్తవాళ్ల కుర్రాడు, సొంత తెలివితో చదువుకుని ఓడలకి దారి చెప్పే పనిలోకి ఎదిగినవాడు. దిక్సూచి కొనడానికి వచ్చి, బేరం తెగక మూడు రోజులు తిరిగాడు. నాలుగో రోజు బేరం తెగింది గానీ తిరగడం మాత్రం ఆపలేదు. జెనెబ్రాకి అప్పటికి ఇరవై ఏడు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఇరియా మాత్రం పెళ్లి విందులో మూడు గిన్నెలు చారు తాగి, "జలుబు మనిషి దొరికాడే తల్లీ నీకు, ఇక ఏ వాసనా తెలీదు" అంది.

పెళ్లైన రెండేళ్లకి అంబ్రోసియో కళ్లకి పొరలు కమ్మాయి. మనుషులు నీడల్లాగా కనిపించేవారట. పనంతా జెనెబ్రా చేతిలోకి వచ్చింది. ముద్ర మాత్రం తండ్రిదే. కొనేవాళ్లకి ఆ సంగతి తెలుసు, తెలియనట్టు ఉండేవారు. లోపో రెండుసార్లు ఇండియా వెళ్లి వచ్చాడు. వెళ్తే ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పిల్లలు కలగలేదు. ఉన్న నెలలు కొద్దే అయినా ఆ ఇంట్లో నవ్వులు బయటికి వినిపించేవి.

రెండోసారి తిరిగొచ్చాక, కాల్చిన చేపలు ముందు పెట్టుకుని కూర్చున్న పూట లోపో ఆ మాట ఎత్తాడు.

"మావా, నీకో సంగతి చెప్పాలి. ఆఫ్రికా దక్షిణపు కొసన ఇనుము అసలు జరగదు. సూటిగా ధ్రువం వైపే నిలబడుద్ది. మనవాళ్లు ఆ చోటికి సూదుల కొస అనే పేరు పెట్టుకున్నారు. అక్కడికెళ్లాక నీ దిక్సూచి అర గీత అబద్ధం చెప్తంది."

"నా దిక్సూచా?" అంబ్రోసియో రొట్టె కింద పెట్టేశాడు.

"నీదొక్కటే కాదు, పక్కకి అంటించిన ప్రతిదీనూ. ఇక్కడికి సరిపోయేలా అంటిస్తున్నారు, అక్కడ వాడుతున్నాం."

"ధ్రువం ఒకటే, ఇనుమూ ఒకటే. ఊరికో తీరుగా ఊగడానికి అదేమన్నా మీ ఓడలో తాగుబోతనుకున్నావా? మీకు లెక్క కుదరకపోతే నా బల్ల మీదకి తోస్తారేంట్రా?"

"నాన్నా, తిననియ్యి ఆయన్ని," అంది జెనెబ్రా.

లోపో నవ్వుతూనే ఉన్నాడు. "ఈసారి నాకు రెండు చేసిపెట్టండి. రెండింటికీ ఇనుము సరిగ్గా లిల్లీ కిందే ఉండాలి. ఏ చోట ఎంత జరుగుతుందో సూర్యుణ్ణి కొలిచి నేనే చూసుకుంటా. ఒకటి చుక్కాని దగ్గరుంటది, ఇంకోటి నా పెట్లో. మొదటిదానికేదన్నా అయితే రెండోదానిమీదే ఓడంతా."

"చేసుకోండి. మొగుడూ పెళ్లాం కలిసి మా నాన్న పద్ధతిని పాతిపెట్టండి. సూటిగా పోయి చావండి!"

మాట జారింది. ఓడ బయల్దేరబోయే ఇంట్లో అనకూడని మాట. జెనెబ్రా గబగబా సిలువ గీసుకుంది. ముసలాయన కూడా నాలిక్కరుచుకున్నాడు గానీ, వెనక్కి తీసుకోడానికి మనసొప్పలేదు. లేచి గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

జెనెబ్రా రెండూ చేసింది. జీవితంలో ఎన్నో చేసింది, వీటికి పడ్డంత పాటు దేనికీ పడలేదు. ఇనుము లిల్లీ కింద వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా అంటించి, ఆరాక కొలిచి, నచ్చక ఊడదీసి మళ్లీ అంటించింది. లోపో రెండు పెట్టెల్నీ వేరువేరు చోట్ల పెట్టి కొలిచి చూసుకున్నాడు. రెండూ ఒక్కలాగే నిలబడ్డాయి. మొదటిది ఓడ మీదకి పట్టుకుపోయాడు. రెండోదాని మూతకి కీలు బాగోలేదని జెనెబ్రా కొట్లోనే ఉంచింది.

బయల్దేరే రోజు పొద్దున్నే ఓడవాళ్ల పెళ్లాలు చెప్పుల్లేకుండా బెలెం గుడిదాకా నడిచి వెళ్లి మొక్కుకోవడం ఆ ఊరి ఆచారం. జెనెబ్రా కూడా వెళ్లి, తిరిగొచ్చి ఇంట్లో బట్టలు మార్చుకుని రేవుకి పోయింది. కీలు ముందురోజే బిగించేసింది, పెట్టె తను రేవుకి తెస్తానని ముసలాయన అన్నాడు. అన్నట్టే ఇరియా భుజం పట్టుకుని వచ్చాడు. అల్లుడి చేతులు వెతికి పట్టుకుని, ఆ చేతుల్లో పెట్టె పెట్టాడు. ఆ పూట ఆయన మొహం ఎంతో తేటగా ఉంది. కోపం పోయిందనుకుని జెనెబ్రా సంతోషించింది.

"ఏడవకే," అన్నాడు లోపో. "కళ్లు వాచిపోతే రేపు జిగురు ఎక్కడ పెడుతున్నావో కనపడదు."

"నువ్వు రాకపోతే ఆ జిగురే నీ నోటికి అంటిస్తా."

"నేను రాకపోతే నోరెక్కడ దొరుకుద్దే పిచ్చిమొహమా?"

ఇద్దరూ నవ్వారు. తేజూ నది మీద పడవ దూరమయ్యేదాకా ఆమె నవ్వుతూనే నిలబడింది. ఆయన వెనక్కి చూస్తే ఏడుపు మొహం కనిపించకూడదని.

మరుసటి ఏడాది వేసవి చివర ఇండియా ఓడలు వచ్చాయి. అందులో ఆ ఓడ లేదు. ఆ పై ఏడాదీ లేదు. చలికాలం ఆగిపోయి ఉంటారని ఒకడు, బ్రెజిల్ వైపు కొట్టుకుపోయి ఉంటారని ఒకడు. జెనెబ్రా అందరి మాటా నమ్మింది. రేవులో గంట మోగితే చేతిలో పని చేతిలోనే ఉంచుకుని పరిగెత్తేది. వేళ్ల మీద జిగురు ఆరిపోయి చర్మంతో సహా ఊడొచ్చేది.

మూడో ఏడు ద్రాక్షలు కోసే రోజుల్లో బెల్షియోర్ వచ్చాడు. ఆ ఓడలో చుక్కాని పట్టినవాడు. మనిషి సగమైపోయాడు, ఎడమకాలు ఈడుస్తున్నాడు. గడపలో నిలబడి టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. ఆ నలపడం చూడగానే జెనెబ్రాకి అర్థమైపోయింది. ఇక చెప్పాల్సిందేమీ లేదు. అయినా ముక్కాలిపీట వేసి, ద్రాక్షసారా పోసి, "కూర్చో బెల్షియోర్" అంది. తనే ముందు కూర్చుంది.

"ఎవరే?" అన్నాడు అంబ్రోసియో.

"నేను తాతా, బెల్షియోర్‌ని. మేం పదకొండుమందిమి మిగిలాం. ఒడ్డెంట నడిచి మొజాంబిక్ చేరాం. లోపో అన్న..."

ముసలాయన తల వంచుకుని చాలాసేపు ప్రార్థన చేసుకున్నాడు. తరవాత, "ఎట్లా జరిగిందో చెప్పరా. దాచకు," అన్నాడు.

"సూదుల కొస దాటేదాకా బాగానే పోయాం తాతా. అక్కడ లోపో అన్న ఎండ చూసి కొలిచి, ఇనుము సూటిగా ఉంది, ఇక్కడ కలపాల్సిందీ తియ్యాల్సిందీ ఏం లేదు అన్నాడు. రెండో రోజు గాలివాన. తెరచాప కొయ్య విరిగి చుక్కాని మీద పడింది. అక్కడున్న దిక్సూచి నుజ్జయిపోయింది. అప్పుడు అన్న తన పెట్లోంచి రెండోది తీశాడు."

అంబ్రోసియో ఒక్కసారిగా తలెత్తాడు. మూడేళ్లుగా దాచుకున్నది చెప్పే సమయం వచ్చినట్టు ఆ గుడ్డికళ్లు మెరిశాయి.

"ఆ రెండోది! అది నేను దిద్దిందే రా! ఆడాళ్లంతా బెలెం పోయిన పొద్దున విప్పి చూశా. కళ్లు పోతేనేం, వేళ్లున్నాయిగా. ఇనుము సూటిగా ఉంది. ఈ పిచ్చిది మొగుడు చెప్పాడు కదా అని అంటించేసింది. నోరుజారి చావమన్నానే, ఆ మాట తగులుద్దేమోనని రాత్రుళ్లు నిద్రపట్టలేదు నాకు. జిగురు వేడిచేసి, ఇనుము ఊడదీసి, మా నాన్న చెప్పినట్టు అర గీత పక్కకి పెట్టా. ఒక్కటైనా సరైనది వాడి దగ్గర ఉండాలని. ఆ పెట్టె ఉంది కాబట్టే మీరు పదకొండుమందైనా బతికారు. ఆ తరవాత చెప్పు."

బెల్షియోర్ జెనెబ్రా వైపు చూశాడు.

"చెప్పరా, ఆగావేం?"

"తొమ్మిది రోజులు మబ్బు తాతా," అన్నాడు వాడు. "ఎండ లేదు, చుక్క లేదు. మా ఎడంచేతి వైపు ఒడ్డుంది, కనపడదు. ఆ రెండో దిక్సూచి ఎటంటే అటు పోయాం. పదో రోజు మధ్యాహ్నం ఎండొచ్చింది. అన్న కొలిచాడు. నమ్మలేక మూడుసార్లు కొలిచాడు. అర గీత ఎడమకి పోతున్నామన్నాడు, తొమ్మిది రోజుల నుంచీ. ఓడ తిప్పమని అరిచాడు. సాయంత్రానికి రాళ్ల మీద ఉన్నాం."

"ఏమన్నాడు?" అంది జెనెబ్రా. "కొలిచాక ఏమన్నాడు ఆయన?"

"ఎందుకులే అక్కా."

"చెప్పు."

"'జెనెబ్రా, ఎంత పని చేశావే' అన్నాడు. అంతే అక్కా. ఇంకేం అన్లేదు."

కొట్లో కుంపటి చిటపటలాడుతోంది. జెనెబ్రాకి అంతా ఒక్కసారే తెలిసింది. మొదటి దిక్సూచి మీద నేర్చుకున్న లెక్కనే లోపో రెండోదాని మీద పెట్టాడు, రెండూ ఒకే చేతివని. ఇనుము జరగని సముద్రంలో, లిస్బన్‌కి సరిపోయేలా అంటించిన ఇనుము ఓడని రోజూ కాస్త కాస్త ఒడ్డు వైపు లాక్కుపోయింది. తప్పెవరిదని చివరి క్షణంలో వెతికితే, పాపం, ఆయనకి ఒక్క పేరే తోచింది.

"అర గీతా?" అన్నాడు అంబ్రోసియో. ఆయన చేతులు బల్ల మీద ఏదో వెతుకుతున్నాయి. "నేను పెట్టిన ఇనుము అర గీత తప్పిందా? తప్పదు. నలభై ఏళ్లలో ఒక్కటి తప్పలేదు. ఎవరో..." ఆయన మొహం కూతురి వైపు తిరిగింది, కొంచెం పక్కకి, ఆమె లేని వైపు. "ఒసే జెనెబ్రా, నేను పెట్టాక నువ్వుగానీ విప్పావా? ముట్టుకున్నావా?"

అది అడిగినట్టు లేదు. బతిమాలినట్టుంది.

"అది కాదు తాతా," అన్నాడు బెల్షియోర్, "అక్కడ సముద్రంలో ఇనుము..."

"ముట్టుకున్నాను నాన్నా," అంది జెనెబ్రా.

ఆ మాట అనడానికి ఆమె ఎక్కువ ఆలోచించలేదు. నీటి అడుగున ఉన్నవాడు ఎలాగూ తన చెయ్యేనని నమ్మి పోయాడు. ఆయన దగ్గరికి వెళ్లి కాదని చెప్పే దారి లేదు. ఇంకొకరు నమ్మితే కొత్తగా పోయేదేముంది? ఈ ముసలాయన మాత్రం ఇంకా బతకాలి, రోజూ నిద్రలేవాలి.

"బెలెం నించి వచ్చాక, నువ్వు రేవుకి తీసుకెళ్లకముందు విప్పి చూశా. ఇనుము పక్కకుంది. నేనే తప్పు అంటించాననుకున్నా. గబగబా మళ్లీ జరిపా. కొలవడానికి వ్యవధి లేదు."

అంబ్రోసియో ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో ఆయన మీద నుంచి ఏదో బరువు దిగిపోవడం ఆమెకి కనిపించింది. మరుక్షణం ఆయన చేతికందిన గిన్నె విసిరాడు.

"చంపావు కదే! బంగారంలాంటి మొగుణ్ణి నీ చేత్తో నువ్వే ముంచుకున్నావు కదే! నేను సరిచేసి పెట్టిందాన్ని పాడుచేసి... పో, నా కళ్లముందు నుంచి పో!"

కళ్లు లేని మనిషి ఆ మాట అన్నాడు. వీధంతా వింది. మెట్ల మీద తలుపులు తెరుచుకున్నాయి.

జెనెబ్రా బయటికి నడిచింది. బెల్షియోర్ ఆమె వెనకే గడప దాటి చెయ్యి పట్టుకున్నాడు. "ఇదేం పనక్కా? ఎందుకన్నావు?"

"నువ్వు నోరు మూసుకుని ఉండు. నాకు చేసే మేలు అదే." తరవాత, "కోపంగా అన్నాడా ఆయన, ఆ మాట?" అని అడిగింది.

"లేదక్కా. బాగా అలిసిపోయినట్టు అన్నాడు."

కోపంగా అన్నాడని చెప్పి ఉంటే బాగుండేదని ఆమె తరవాత ఎన్నోసార్లు అనుకుంది. కోపమైతే ఎదురు తిట్టుకోవచ్చు.

బెల్షియోర్ మాట నిలబెట్టుకున్నాడు. అందుకే లిస్బన్‌లో అందరికీ ముసలాయన మాటే మిగిలింది. మొగుణ్ణి ముంచిన జెనెబ్రా అన్నారు. దిక్సూచి కోసం ఆ మెట్లెక్కేవాడు లేకపోయాడు. కొట్టు మూసేసి ఆమె రేవులో తెరచాపలు కుట్టే పనికి పోయింది. ఇరియా ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆ తరవాత ఒకరోజు దారికి అడ్డం నిలబడి, "తప్పు చేశావు సరే, తిండి మానేస్తే ఆయన తిరిగొస్తాడా? ఎముకలు పొడుచుకొస్తున్నాయి చూడు" అని తిట్టింది. ఆ రోజు జెనెబ్రా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

అంబ్రోసియో కూతురి చేతి కూడు ముట్టనన్నాడు. అందుకని ఆమె వండి ఇరియా చేత పంపేది. తలుపు వెనక నిలబడేది. ముసలాయన కాబేజీ చారు జుర్రుకుని, "నీ చెయ్యి మంచిది ఇరియా. నా కూతురికి ఉప్పు వెయ్యడం కూడా ఎప్పుడూ చేతకాలేదు" అనేవాడు. ఇరియా తలుపు వైపు చూసి కళ్లతోనే గింజుకునేది. జెనెబ్రా వేలు పెదాల మీద పెట్టుకునేది. ఆయన తిన్నాడు, అది చాలు. చాలదని తెలుసు ఆమెకి. రోజూ పొద్దున ఆయన పక్క సర్దుతుంటే ఆయన గోడ వైపు తిరిగిపోయేవాడు. ఆ చేతులే ఆమెకి గీత గియ్యడం నేర్పాయి. వాటిని ఒక్కసారి పట్టుకోవాలని ఆమెకి ఎంత ఉండేదో చెప్పలేం.

నాలుగేళ్లు అలా గడిచాయి. నాలుగో చలికాలం ఆయనకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. చివరి ప్రార్థన చెప్పడానికి వచ్చిన పాదిరీ వంగి, "అంబ్రోసియో, నీ కూతురు ఇక్కడే ఉంది. ఆమెని క్షమించి వెళ్లు," అన్నాడు.

"దేవుణ్ణి క్షమించమనండి సామీ. నా వల్ల కాదు."

పాదిరీ ఆమె వైపు చూశాడు. తనే నోరు విప్పితే ఆ ఒక్క మాటతో తండ్రి మళ్లీ ఆమెకి దక్కుతాడు. ఎన్ని నిమిషాలకి? రెండు నిమిషాలకో, మూడు నిమిషాలకో. ఆ మూడు నిమిషాల్లో ఆయన అల్లుణ్ణి చంపినవాడిగా పోతాడు. జెనెబ్రా పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది.

అంబ్రోసియో మొహం ప్రశాంతంగానే ఉంది. వేళ్లు దుప్పటి మీద నెమ్మదిగా కదులుతున్నాయి.

"నేను పెట్టింది పెట్టినట్టు ఉంచి ఉంటే," అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, "నా అల్లుడు ఇంటికొచ్చేవాడు."

జెనెబ్రా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"వచ్చేవాడు నాన్నా," అంది.

ముసలాయన తల ఊపాడు. ఆ నాలుగేళ్లలో కూతురి మాటకి ఆయన తల ఊపడం అదే మొదలు, అదే ఆఖరు.